బంగారురాజు మడిలో సమ్మె

కామ్రేడ్ బంగారురాజుకు తన పేరే ఒక తలనొప్పి. బంగారమూ రాజూ, రెండూ పార్టీకి సరిపడని సరుకులే. కుర్రతనంలో పార్టీలో చేరినప్పుడు పేరు మార్చుకోమని పెద్దలు సలహా ఇచ్చారు. పొలం పాస్‌పుస్తకం కూడా ఆ పేరు మీదే ఉందని ఆయన నసిగాడు. పాస్‌పుస్తకం మాట వచ్చేసరికి పెద్దలు మరి పట్టుబట్టలేదు.

పొందూరుకు దగ్గర్లోనే ఆయన ఊరు. నాలుగెకరాల పల్లం, భార్య గౌరి, గోడకు ఎర్రజెండా, ఇదీ సంసారం. ఆయన చేసిన మంచిని ఊరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. కొండ కింది బంజరు పెద్ద రైతుల పాలు కాకుండా, తహసీల్దారు ఆఫీసు ముందు పొయ్యిలు పెట్టించి వంటావార్పూ చేయించి, భూమి లేనివాళ్ళకు పట్టాలు ఇప్పించాడు. టీ దుకాణంలో కులం చూసి కొందరికి విడిగా ఉంచే గ్లాసుల్ని నడిరోడ్డు మీద పగలగొట్టాడు. ఆ తర్వాత దుకాణదారుకు కొత్త గ్లాసులు కొనిచ్చింది మాత్రం గౌరి.

తాను పట్టుబట్టి కొనిపించిన ఉమ్మడి ట్రాక్టరు సంగతి ఎత్తితే ఆయనే మాట మారుస్తాడు. అది అందరిదీ కాబట్టి అందరూ నడిపారు. అందరిదీ కాబట్టే ఆయిలు ఎవరూ మార్చలేదు. డ్రైవరు పెత్తందారుగా తయారవుతాడేమోనని వారానికొక డ్రైవర్ని ఎన్నుకున్నారు. ఎవరి చేను ముందు దున్నాలో తేల్చడానికి కమిటీ కూర్చునేది. కమిటీ లేచేసరికి నేలలో పదును ఆరిపోయేది. చివరికి ఇంజను పట్టేసింది. తప్పెవరిదనే చర్చలో మండల శాఖ రెండుగా చీలింది. రెండు శాఖలకూ హక్కుంది గనక దాన్ని అమ్మడానికి ఎవరికీ వీల్లేకపోయింది. దాని మీదికి కాకర పాదు పాకి బాగానే కాసింది. కాయలు ఎవరికి ముందు కనబడితే వాళ్ళవి.

కూలి సంఘం మాత్రం నిలబడింది. దానికి ఆయనే అధ్యక్షుడు. ‘బాబూ’ అని పిలవొద్దని, ‘కామ్రేడ్’ అనమని ఆడకూలీలకు నేర్పబోయాడు. వాళ్ళకు ఆ మాట నోరు తిరగక ‘మావా’ దగ్గర ఆగారు.

ఈ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. ఊరంతా ఒకేసారి వరినాట్లకు, ఆ ఊరి మాటలో ఉభాలకు, దిగాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే ఉభాల జట్టు పెద్ద మరిడమ్మ సంఘం మీటింగులో లేచి నిలబడింది.

“నారు మోసీ మొగోడికి ఒక రేటు, నడుం ఇరిగీలా నాటీ మాకు ఇంకో రేటు. ఏల మావా?”

బంగారురాజు పొంగిపోయాడు. ఇన్నేళ్ళ ఉపన్యాసాలకు ఇప్పుడు మొలక వచ్చింది. సమాన పనికి సమాన కూలి ఎందుకు న్యాయమో ఏకబిగిన చెప్పి, పోరాటం తప్ప దారి లేదని ముగించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

“అయితే నీ మళ్ళోనే మొదలెడతాం,” అంది మరిడమ్మ. “నువ్వు ఇచ్చిస్తే ఇంకెవులూ కాదనలేరు.”

ఆయన మనసులో పోరాటం నరసింగరావు పొలంలో మొదలైంది. నరసింగరావు ఆ ఊళ్ళో పెద్ద రైతు. నరసింగరావు తండ్రి బతికున్న రోజుల నుంచీ ఆ కుటుంబమే బంగారురాజు ఉపన్యాసాల్లో భూస్వామి. తన నాలుగెకరాలు ఇందులోకి వస్తాయని కామ్రేడ్ ఏనాడూ అనుకోలేదు. కమిటీలో పెట్టి చూద్దామన్నాడు.

ఆడవాళ్ళు ఆయన నేర్పినట్టే వినతిపత్రం రాయించారు. ఒక ప్రతి సంఘం అధ్యక్షుడికి, ఇంకొకటి రైతుకు. రెండూ ఆయన చేతికే ఇచ్చారు. అధ్యక్షుడిగా మొదటిదాని మీద ‘బలపరుస్తున్నాను’ అని రాశాడు. రెండోదాని మీద ‘పరిశీలిస్తాను’ అని రాశాడు.

దారి చూపమని పార్టీ కార్యదర్శి ఉమాశంకర్‌కు ఫోన్ చేశాడు. ఎచ్చెర్లలో మేడింట్లో ఉండే రిటైర్డు లెక్చరరు ఆయన. చిన్నరైతు కూలీకి మిత్రుడనీ, మిత్రుల మధ్య తగవు చర్చలతోనే తీరాలనీ వివరించాడు. చర్చలు ఎన్నాళ్ళు పడతాయని అడిగితే, చరిత్ర తొందరపడదని చెప్పాడు. ఇక్కడ ఆకుమడిలో నారు మాత్రం తొందరపడుతోంది.

కమిటీ కూర్చున్న రోజు ఆడవాళ్ళు ఒక్కరూ రాలేదు. కబురు పంపితే నరసింగరావు మళ్ళో ఉన్నారని తెలిసింది. మోటారు సైకిలు మీద వచ్చి, సమాన కూలికి ఒప్పుకుని, జట్టు మొత్తాన్నీ ఆయన తీసుకుపోయాడట. న్యాయం మీద ఆయన ఏమీ మాట్లాడలేదు. కాలవ నీళ్ళు ఆగిపోయేలోగా నాటు పడాలన్నాడంతే. మిగతా రైతులూ అదే దారి పట్టారు. వారం తిరిగేసరికి ఊళ్ళో మళ్ళన్నీ పచ్చబడ్డాయి. మధ్యలో కామ్రేడ్ నాలుగెకరాలు బురదగా మిగిలాయి.

ఆయనకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. భూస్వామి డబ్బుతో వర్గ ఐక్యతను చీల్చాడని గౌరి ముందు వాదించాడు. ఆమె చీర బిగించి కట్టుకుంది.

“శ్రమే గొప్పదని మైకులో సెప్తావు కదా. దిగు,” అంది.

ఇద్దరూ దిగారు. గౌరి వరస తీగ లాగినట్టు వచ్చింది. ఆయన వరస పార్టీ శాఖల్లా రెండుగా చీలి, మూడో వైపుకు తిరిగింది. ఎండెక్కేసరికి వంగితే లేవలేడు, లేస్తే వంగలేడు. జలగ ఒకటి పిక్క పట్టుకుంది. శ్రమ దోపిడీ మీద ఆయన మాట్లాడని సభ లేదు. అది నడుములో ఏ చోట మొదలవుతుందో ఆ రోజే తెలిసింది. పక్క మడిలో ఆడవాళ్ళు అదే వంగుడుతో, కబుర్లు చెప్పుకుంటూ ముందుకు పోతున్నారు. ఇన్నేళ్ళలో ఊరేగింపులకు ఎంతమంది వచ్చారో లెక్కపెట్టాడు గాని, వాళ్ళెలా వంగుతారో ఒక్కసారీ చూడలేదు.

సాయంత్రం కర్ర పట్టుకుని మరిడమ్మ ఇంటికి వెళ్ళి అరుగు మీద కూలబడ్డాడు.

“ఒప్పుకుంటన్నాను,” అన్నాడు.

“ఏ లెక్కన మావా? సంగం పెద్దగానా, రైతుగానా?”

“నడుం పడిపోయినోడిగా.”

మరిడమ్మ నవ్వింది. వేడినీళ్ళలో ఉప్పు వేసి కాపడం పెట్టుకోమంది. మర్నాడే జట్టుతో వచ్చింది. ముందు ఆయన నాటిన వంకర వరసలన్నీ పీకి మళ్ళీ నాటించి, ఆ పనికి కూడా కూలి వేసింది. ఆయన లెక్కపెట్టి ఇచ్చాడు.

కలుపుల వేళకు శ్రీకాకుళంలో జిల్లా మహాసభ పెట్టారు. ఊరి నుంచి ఆటో కట్టించి ఆడవాళ్ళను తీసుకెళ్ళారు. కామ్రేడ్ బంగారురాజు దక్ష నాయకత్వంలో భూస్వాముల మెడలు వంచి సమాన కూలి సాధించారని ఉమాశంకర్ నివేదిక చదివి, ఆయనకు ఎర్ర శాలువా కప్పాడు. బంగారురాజు చూపు చెప్పులకేసి దిగిపోయింది. వేదిక మీద ఒక్క ఆడమనిషికీ కుర్చీ లేదని అప్పుడే కనబడింది. మైకు తీసుకుని, అసలు మాట మరిడమ్మ చెబుతుందన్నాడు.

మరిడమ్మ మైకును దూరంగా పట్టుకుని, “పని మానుకొని వచ్చినాం. ఈయేల్టి కూలి ఎవులిస్తారు?” అని అడిగింది.

సభ నవ్వింది. పోరాటంలో త్యాగం తప్పదని కార్యదర్శి సముదాయించబోయాడు. బంగారురాజు శాలువాతోనే లేచి నిలబడి, ఆమె ప్రతిపాదనను బలపరుస్తున్నానన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. వేదిక మీది పెద్దలు చాలాసేపు గుసగుసలాడి, విషయాన్ని ఉపసంఘానికి అప్పగించారు. ఉపసంఘం సభ్యుల్ని తర్వాత ప్రకటిస్తామన్నారు.

ఉమాశంకర్ కారులో రమ్మన్నా బంగారురాజు ఆడవాళ్ళతో పాటు ఆటో ఎక్కాడు. దారిలో వాళ్ళు కలుపు తీత రేటు మీద చర్చ పెట్టుకున్నారు. అలవాటు కొద్దీ ఆయన గొంతు సవరించుకున్నాడు.

“నువ్వు రైతువి మావా, ఈ మీటింగులో మాటాడకూడదు,” అంది మరిడమ్మ.

ఆయన శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఊరు వచ్చేదాకా వింటూ కూర్చున్నాడు.