నల్లుల నింద

మా నాన్న నాగభూషణరావుగారి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, అయినా తగ్గలేదు. రోషన్ బీ గురించి ఎవరైనా అడిగితే ముందు ఆ కోపమే బయటికొస్తుంది.

రోషన్ బీ బందరులో మంచాలకు నవారు అల్లేది. భర్త ఇమామ్ సాహెబ్ పక్షవాతంతో మంచాన పడ్డాక ఆయన పని ఈమె అందుకుంది. మా వీధిలో పన్నెండిళ్ళు ఆమెకు వాడుక. సాగిపోయిన నవారు విప్పి, ఇంటికి తీసుకెళ్ళి, సోడా నీళ్ళలో ఉడకబెట్టి, ఆరబెట్టి తెచ్చేది. పట్టెకు కాలు తన్నిపెట్టి బిగించేది. ఒక్కో ఇంటి మూటకు ఒక్కో రంగు దారం కట్టేది, ఒకరిది ఇంకొకరి మంచానికి పోకుండా.

ఉప్పెన వచ్చిన మరుసటి వేసవిలో మా ఇంట్లో నల్లులు పడ్డాయి. అమ్మ వీపు నిండా వరసగా దద్దుర్లు. నాన్న అరుగు మీద నిలబడి వీధంతా వినపడేలా తేల్చేశారు.

"ఆ రోషన్ బీ ఎవరి కొంపలోవో తెచ్చి మన మంచాల్లో పెట్టి పోయింది!"

చూడలేదు, వెతకలేదు. కోర్టులో శిరస్తాదారు చేసి రిటైరైన పెద్దమనిషి కదా, వీధి నమ్మింది. వారం తిరక్కుండా పన్నెండిళ్ళూ ఆమెను పిలవడం మానేశాయి. అమ్మా, నేనూ నోరు మెదపలేదు. ఆ సిగ్గు నాది.

మంచాలన్నీ పెరట్లో ఎండలో వేశాం. సందుల్లో మరిగే నీళ్ళు పోశాం, కిరసనాయిలు పూశాం. నాలుగు రోజులకు మళ్ళీ దద్దుర్లే.

ఒక ఆదివారం పొద్దున పిలవకుండానే రోషన్ బీ వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"నేను తెచ్చానన్నారంట. ఏవీ, చూపించండి అమ్మగారూ," అంది.

మంచాల సందుల్లో చీపురుపుల్ల దూర్చి లాగింది. ఏమీ రాలేదు. నవారు మడతలు విప్పి చూపించింది.

"ఇక్కడ కాపురముంటే నల్లటి చుక్కలుండాలి, వదిలేసిన తొక్కలుండాలి. లేవు. ఇంకెక్కడో దాక్కుని ఇక్కడికొచ్చి కుడుతున్నాయి."

గోడ పగుళ్ళు వెతికింది. పటాల వెనక చూసింది. చివరికి అమ్మ మంచం పక్కనే ఉన్న నాన్న పడక కుర్చీ దగ్గర ఆగింది. అందులో ఆయన పేపరు చదువుతున్నారు.

"దీన్ని ఎండలో వేశారా?"

అమ్మ గతుక్కుమంది. "అయ్యో, అది అయ్యగారి కుర్చీ. మేమెవ్వరం ముట్టుకోం."

నిజమే. ఇరవై ఏళ్ళుగా అందులో ఇంకొకరు కూర్చోలేదు. దులపాలంటే ఆయన లేవాలి. ఆయన్ను లెమ్మనేదెవరు? ఇల్లంతా ఉడకబెట్టి ఆ ఒక్కటీ వదిలేశాం. ఏం మర్యాద మాది!

"లేవండి అయ్యగారూ."

"నా కుర్చీ ముట్టుకున్నావంటే ఊరుకోను!"

"నా పొట్ట కొట్టినప్పుడు నేను ఊరుకున్నానండీ. లేవండి."

నాన్న లేచారు. ఆమె గుడ్డ మడతలోంచి కర్ర లాగింది. నల్లులు బిలబిలా నేల మీద పడ్డాయి. కుట్టు పొడవునా నల్లటి మరకలు, తెల్లటి గుడ్లు. ఆ వేసవి మొదట్లో గుడివాడలో అత్తయ్య ఇంటి నుంచి తెచ్చుకుని, ఆ కుర్చీలో ఆయన తలకింద పెట్టుకునే దిండు నిండా అవే.

నాన్న గొంతు తగ్గింది. "సరేలే. ఆ కడిగేదేదో పెరట్లో కడుగు. బయట చెప్పకు. మంచాలన్నీ మళ్ళీ నీకే ఇస్తాం."

"నా పేరు పోయింది వీధిలో అయ్యగారూ. పెరట్లో కడిగితే తిరిగొస్తుందా?"

ఆమె కుర్చీ ఎత్తుకుంది. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. అప్పుడు అమ్మ వంటింట్లోంచి మరుగుతున్న నీళ్ళ గిన్నె పట్టుకుని వచ్చింది.

"తప్పుకోండి. ఒళ్ళు కాలుతుంది," అంది.

ఆయనకు అమ్మ అలా చెప్పడం నేను మొదటిసారి విన్నాను. తప్పుకున్నారు. నడివీధిలో కుర్చీ మీద నీళ్ళు కుమ్మరించి అమ్మ గట్టిగా అరిచింది.

"రండమ్మా, చూడండి! మా ఇంటి నల్లులే ఇవి. మా ఆయన కుర్చీలోవి. రోషన్ బీ తెచ్చినవి కావు!"

మర్నాడు ఎదురింటివాళ్ళు ఆమెకు కబురు పెట్టారు. తర్వాత ఒక్కొక్కరే మిగతావాళ్ళూ. మా ఇంటికి మాత్రం ఆమె మళ్ళీ రాలేదు. నేను వెళ్ళి అడిగితే, "అయ్యగారు వచ్చి తప్పయిందని ఒక్క మాట అంటే వస్తానమ్మా," అంది.

ఆ మాట నాన్నకు చెప్పాను. విన్నారు. వాళ్ళ ఇల్లు మా ఇంటికి రెండు వీధుల అవతలే. బతికినన్నాళ్ళూ ఆ రెండు వీధులూ దాటలేదు.