ఏటీ తేలలేదు

మా ఇంటికి ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా చదివి చెప్పే పని నాది. నా డిగ్రీకి దొరికిన మొదటి ఉద్యోగం అదే. ఇప్పటికీ పర్మనెంటు కాలేదు.

అక్క అరసవల్లిలో పిల్లలకి సంగీతం చెప్పేది. ఆవిడకి చాలా ఏళ్లుగా థైరాయిడ్ జబ్బు. ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే పొరబడి సొంత గ్రంథి మీద పడే రకం. "మన చుట్టాల్లాగన్నమాట," అన్నాను. నవ్వింది.

ఒక ఏడు స్కానింగులో ఆ గ్రంథి మీద చిన్న గడ్డ కనబడింది. డాక్టరమ్మ సూది పరీక్ష రాసింది. సన్నటి సూదితో గడ్డలోంచి కాసిని కణాలు లాగి చూస్తారు.

"సూది తగిలి గొంతు పోతే ఏటిరా?" అంది అక్క.

"నీ బదులు నేను పాడతాను. పిల్లలు మానేస్తారు. నీకు విశ్రాంతి."

గుచ్చేటప్పుడు మింగొద్దన్నారు. మింగలేదు.

రిపోర్టు నేనే తెచ్చాను. పడిన కణాలు చాలలేదు, అవీ చాలామటుకు పాత జబ్బు తాలూకు వాపు కణాలే, గడ్డ సంగతి ఏమీ తేలలేదు, మూడు నెలలకి మళ్లీ గుచ్చి చూడాలి అని ఉంది.

అక్క గుమ్మంలోనే అడిగింది, "ఏటొచ్చింది?"

'ఏటీ తేలలేదు' అనాలి. "ఏటీ లేదే," అన్నాను. రథసప్తమికి పిల్లల చేత పాడించే హడావుడిలో ఉంది, అదయ్యాక చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రమే పులిహోర కలిపి వీధంతా పంచింది. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. తిన్నాక చెప్పడం మరీ కష్టమైంది.

రథసప్తమి వెళ్లింది. మూడు నెలలూ వెళ్లాయి. ఇంకో ఏడాదికి అక్క గొంతు బొంగురుపోయింది. పిల్లలకి అరిచి అరిచి అనుకున్నాం. రెండోసారి గుచ్చినప్పుడు కణాలు కావలసినన్ని పడ్డాయి. క్యాన్సరే. ఆపరేషన్లో గడ్డతోపాటు, అది పట్టేసిన, గొంతు పలికించే నరం కూడా తీసేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. ముందే వస్తే నరం దక్కేదేమో అన్నారు. ఆ 'ఏమో' డాక్టర్ల మర్యాద.

ఇప్పుడు అక్క హార్మోనియం మెట్టు నొక్కి చూపిస్తుంది. పెద్ద పిల్ల పాడి వినిపిస్తే చిన్నవాళ్లు అందుకుంటారు. తప్పు పాడితే చెయ్యి ఊపుతుంది.

మొన్న పాఠం అయిపోయి పిల్లలు వెళ్లాక చాప చుడుతూ మొదలెట్టాను. "అక్కా, ఆ మొదటి రిపోర్టులో..."

"మళ్లీ గుచ్చమని ఉందిలే," అంది. గాలే ఎక్కువ, మాట తక్కువ. "రెండోపాలి ఎల్లినప్పుడే డాక్టరమ్మ సెప్పీసింది."

"మరి నన్నడగలేదేటి?"

"నువ్వే సెప్తావని సూస్తన్నాను."

రెండేళ్లు చూసింది. నేను చాప కింద పెట్టి నోరు తెరిచాను.

"జోకెయ్యకు," అంది. "నవ్వితే దగ్గొస్తాది."