స్వప్న ఫోన్‌లో మా కోడ్

నానక్‌రామ్‌గూడ ఆఫీసులో నన్ను టెక్నికల్ లీడ్‌గా వేసింది రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, వానలు మొదలైన నెలలో. పన్నెండు మంది ప్రోగ్రామర్ల కోడ్ రివ్యూ నా బాధ్యత. ఒకరు రాసిన కోడ్‌ను అసలు ప్రోగ్రాంలో కలిపేముందు మరొకరు పంక్తి పంక్తీ చదివి, లోపాలుంటే పక్కన కామెంట్ రాయడమే రివ్యూ. ఆ కామెంట్లు టీమంతా చూస్తుంది. నా రాతకు అడ్డూ అదుపూ ఉండేది కాదు. "ఇది కూడా తెలియదా?" అని రాసిపారేసి టీకి వెళ్లిపోయేవాణ్ణి.

సిద్దిపేట నుంచి వచ్చిన స్వప్న అప్పటికింకా ప్రొబేషన్‌లో ఉంది. మొదట్లో ఆమె కోడ్ నిండా తప్పులే. ఉన్నట్టుండి ఒక్క తప్పూ లేకుండా పంపసాగింది. నా చీవాట్లు పనిచేశాయని మురిసిపోయాను.

ఒకరోజు ఒక పంక్తి చూపించి, అలా ఎందుకు రాశావని అడిగితే చేతిలో ఫోన్ వెనక్కి దాచుకుంది. గట్టిగా అడిగాను.

"మీకు పంపే ముందు మా రూమ్మేట్‌కు ఫోటో తీసి పంపుతున్న సార్. ఆమె దిద్దినంకనే మీకు పెడుతున్న. మీ కామెంట్ వచ్చిందంటె సీట్ల కూసోబుద్ధి కాదు. అందరు సూస్తరు గద!" అంది.

ఆ రూమ్మేట్ పనిచేసేది వేరే కంపెనీలో. మాకు పనిచ్చిన క్లయింట్ కోడ్ బయటికి పోతే ఉద్యోగం ఊడుతుంది. ఫోటోలు చెరిపేసి నోరు మూసుకోమంటే ఆ పూటకు గడిచిపోయేదే. కానీ సంగతి కంపెనీ సమాచార భద్రతా విభాగానికి తెలియాల్సిందే. తనంతట తాను చెప్పుకుంటేనే ఆమె ఉద్యోగం నిలిచే అవకాశం కాస్తయినా ఉంటుంది.

"పదమ్మా, మనమే వెళ్లి చెబుదాం" అన్నాను.

"తీసేస్తరు సార్."

"నేనూ వస్తున్నాగా!"

ఆమెకు నేను రాసిన కామెంట్లన్నీ ప్రింటు తీసి వెంట తీసుకెళ్లాను. భద్రతాధికారి నాకంటే రెండు హోదాలు పైన ఉన్నావిడ. అన్నీ చదివి, "ఇవి మీరు రాసినవేనా అండీ?" అని మాత్రం అడిగారు. అవునన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

స్వప్న ఉద్యోగం నిలిచింది. రాతపూర్వక హెచ్చరిక ఇచ్చి, ప్రొబేషన్ ఆరు నెలలు పొడిగించారు. నాకూ హెచ్చరిక వచ్చింది. నా సర్వీసు మొత్తంలో అదొక్కటే.

మర్నాడే పద్ధతి మార్చేశాను. సగం రాసిన కోడ్‌నే తెమ్మన్నాను, పక్కపక్కన కూర్చుని చదువుదామన్నాను. వారం దాకా ఒక్కరూ రాలేదు. నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ల సీట్ల చుట్టూ తిరిగాను. రెండోవారం స్వప్న వచ్చి, "సార్, ఇది సగమే అయింది. మస్తు తప్పులున్నయి. జర సూస్తరా?" అంది. కూర్చుని చూశాను. నిజంగానే మస్తు ఉన్నాయి.

నేను తిట్టినన్నాళ్లూ తప్పులు తగ్గాయనుకున్నాను. తగ్గలేదు, నాకు చూపించడం మానేశారంతే. రివ్యూ చేసేవాడికి తప్పులు కనబడటం లేదంటే, ముందు తన కామెంట్లు తానే ఒకసారి చదువుకోవాలి.