మా బావ గెలిచిన ఆట

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "నాన్నా, ఇది చదివి తెలుగు బాగుందో లేదో చెప్పు" అంది. దాని ఉద్యోగం ఏమిటో నాకు ఇప్పటికీ సరిగా అర్థం కాలేదు. వీడియో గేములు ఆడి వాటి మంచిచెడ్డలు రాస్తుందట. మా రోజుల్లో ఆడితే వీపు విమానం మోత మోగించేవారు, ఇప్పుడు ఆడకపోతే ఉద్యోగం పోతుందంటోంది. సరే కదా అని కళ్ళజోడు పెట్టుకున్నాను. పాత ఆట ఒకదాన్ని కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారట. దాని బలాలు ఒక వరసలో, బలహీనతలు ఒక వరసలో రాసింది. పైన బొమ్మ ఉంది. ఎర్రటి గ్రహం, కూలిపోయిన ఇనప వంతెన, దాని మీద బూడిద రంగు కవచం తొడుక్కుని, తుపాకీ పట్టుకుని, మనకి వీపు పెట్టి నిలబడ్డ మనిషి. ఆ వీపును ఎక్కడ చూసినా గుర్తుపడతాను. ఎడమ భుజం కాస్త కిందికి వాలి ఉంటుంది. "ఇది చోడవరంలో మీ మావయ్య ఆడిన ఆటే" అన్నాను. అది నమ్మలేదు. మావయ్యంటే దానికి గోడ మీద దండ వేసిన ఫొటో, అంతే.

బలాల వరస చదివాను. గురి బాగా కుదురుతుందట, శత్రువులు తెలివిగా చుట్టుముడతారట, తుపాకులు రకరకాలట. అన్నీ నిజమే. కానీ అసలు సంగతి ఒక్కటీ లేదు. నాకు ఒళ్ళు మండి, ఆ మధ్యాహ్నమంతా కూర్చోబెట్టి దానికి మా బావ సంగతి చెప్పాను. అయితే సగమే చెప్పాను. ఆ సగం దగ్గర ఆగడమే నేను చేసిన తప్పు.

మా బావ, అంటే మా అక్క మొగుడు, పంచదార ఫ్యాక్టరీలో పాన్‌మేన్. చెరకు పాకాన్ని పాన్ అనే పెద్ద పాత్రలో కాచి రవ్వ కట్టించే పని. అదేదో గడియారాలూ మీటర్లూ చూసి చేసే పని కాదు. చిన్న గాజు ముక్క మీద పాకం చుక్క వేసి, దాన్ని వేలితో రాసి, రవ్వ ఎంత లావు కట్టిందో చెప్పాలి. బావ కళ్ళు మూసుకుని చెప్పేవాడు. సీజన్ మొదలైతే గోవాడ రోడ్డు పొడుగునా చెరకు బళ్ళు, ఊరంతా బెల్లం మాడినట్టు ఒక తియ్యటి కంపు, బావ చొక్కాల్లో మాత్రం ఏడాది పొడుగునా అదే కంపు. వాళ్ళకొక పద్ధతుండేది. షిఫ్టు అయిపోయిందని పాన్ వదిలేసి రాకూడదు. తరవాతి మనిషి వచ్చి, వాల్వు మీద చెయ్యి వేసి, "ఛార్జి తీసుకున్నాను" అనే దాకా ముందు మనిషి కదలకూడదు. ఆ మాట వినకుండా బావ ఒక్కరోజు కూడా ఇంటికి రాలేదు. ఒకసారి తరవాతి షిఫ్టు మనిషి ఊళ్ళో పెళ్ళికెళ్ళి రాకపోతే, రెండు షిఫ్టులూ నిలబడే చేసి వచ్చాడు. "మధ్యలో వదిలేస్తే రాయైపోద్దిరా పాకం" అనేవాడు.

అలాంటివాడు ఒక సీజన్లో గాజు ముక్క జారవిడిచాడు. మర్నాడు మళ్ళీ జారవిడిచాడు. ఆ తరవాత మెట్టెక్కబోయి పడ్డాడు. విశాఖపట్నం తీసుకెళితే పెద్ద డాక్టరు గారు కాళ్ళూ చేతులూ సుత్తితో కొట్టి చూసి, కండల్ని ఆడించే నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయనీ, దీనికి మందు లేదనీ, ముందు కాళ్ళు పోయి తరవాత చేతులు పోతాయనీ, ఆ తరవాత సంగతి తరవాత చూద్దామనీ చెప్పారు. చూడ్డానికేమీ లేదని ఆయన మొహంలోనే కనిపించింది. తిరుగు బస్సులో బావ కిటికీలోంచి చూస్తూ, "ఆ డాక్టరు నయవరా, అబద్ధం ఆడనేదు" అన్నాడు. నేను డిగ్రీ అయి, ఉద్యోగం రాక, ఊరికే తిరుగుతున్నవాణ్ణి. బావని లేపడానికీ కూర్చోబెట్టడానికీ ఒక మగాడు కావాలని అక్క పిలిస్తే వాళ్ళింటికి మకాం మార్చేశాను.

ఆ వానాకాలంలో ఓడ మీద పనిచేసే బావ స్నేహితుడొకడు చూడ్డానికొచ్చి, టీవీకి తగిలించే ఆటల డబ్బా ఒకటి, ఈ ఒక్క ఆట ఉన్న డిస్కు ఒకటి ఇచ్చి వెళ్ళాడు. అప్పటికి కాళ్ళు పూర్తిగా పోయాయి. చేతులు ఇంకా పనిచేస్తున్నాయి, కుడి చెయ్యి బాగానే, ఎడమ చెయ్యి బతిమాలితే. మొదటి రోజు నేను పెద్ద తెలిసినవాడిలాగ, "ఏటి బావా ఇది, ఆడి మొకం కనబడదు, ఈపు సూసుకుంటూ ఆడాలా" అని వెక్కిరించాను. మిగతా తుపాకుల ఆటల్లో మన కళ్ళతో మనమే చూస్తున్నట్టుంటుంది, చెయ్యీ తుపాకీ తప్ప మనిషి కనబడడు. బావ నా మాట విననే లేదు. ఆ మనిషిని ఎర్ర మట్టి మీద అటు నడిపించాడు, ఇటు నడిపించాడు, పరిగెత్తించాడు. ఒక్క తుపాకీ గుండు పేల్చకుండా గంటసేపు నడిపించాడు. తరవాత మెల్లిగా అన్నాడు. "ఈపు కనబడితేనే గదరా ఆడు నడుస్తన్నట్టు తెలిసేది."

ఆ ఆటకి అదీ బలం. ఇంకోటుంది. చేతిలోని పెట్టె మీద మీటలు వదిలేసినా ఆ మనిషి కొయ్యలా నిలబడడు. ఊపిరి తీస్తుంటే భుజాలు కదులుతాయి, కాసేపటికి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటాడు. బావ వాణ్ణి ఏ గోడ చాటునో నిలబెట్టి, ఊరికే చూస్తూ అన్నం తినేవాడు. అక్క ముద్దలు పెడుతూ తనూ చూసేది. "పాపం ఆడికెవరూ నేరా? ఒక్కడే తిరుగుతన్నాడు" అనేది. కథ ప్రకారం ఆ గ్రహం మీది కాలనీలో అందరూ పోయారు, వీడొక్కడే మిగిలాడు, అవతలి చివర ఉన్న అంతరిక్ష ఓడ దగ్గరికి చేరాలి. చేరితే ఏమవుతుందో మాకెవరికీ తెలీదు. బావకి మాత్రం ఒకటే పట్టుదల. "ఆకర్న ఇనపటోపీ తీస్తాడు. ఆడి మొకం సూడాల" అనేవాడు. చేతులు పోయేలోగా ఆ మొహం చూడాలని పైకి అనలేదు. అనక్కర్లేదు, రోజురోజుకీ సడలిపోతున్న ఆ ఎడమ చేతి పట్టు మాకు కనిపిస్తూనే ఉండేది.

చిక్కెక్కడొచ్చిందంటే, ఎంత దూరం ఆడామో దాచుకునే కార్డు ఒకటి విడిగా ఉంటుందట, డబ్బా ఇచ్చిన ఆ మహానుభావుడు అది తేలేదు. విశాఖపట్నమంతా తిరిగాను, దొరకలేదు. కరెంటు పోయిందంటే మళ్ళీ మొదటికి రావలసిందే. చోడవరంలో కరెంటు పోకుండా ఉండడమంటే అది వేరే గ్రహం సంగతి. అప్పుడు బావకి ఫ్యాక్టరీ బుర్ర పనిచేసింది. "సీజన్లో మిల్లు ఆపుతారేటిరా? ఇదీ ఆపొద్దు" అన్నాడు. లారీ బ్యాటరీ ఒకటీ, రేడియో మెకానిక్ చేత కట్టించిన ఇన్వర్టరు ఒకటీ పెట్టాం. డబ్బా వేడెక్కకుండా రెండు ఇటుకల మీద పెట్టి, ఎదురుగా టేబుల్ ఫేను పెట్టాం. ఆడనప్పుడు టీవీ కట్టేసేవాళ్ళం, డబ్బా మాత్రం కట్టేవాళ్ళం కాదు. ఆపితే ఆటంతా పోతుందని అక్కకి చెప్పాలని మా ఇద్దరికీ తోచలేదు. దాని ఎర్ర బల్బు వెలుగుతోందంటే లోపల ఎక్కడో ఆ మనిషి గోడ చాటున ఊపిరి తీస్తున్నాడన్నమాట. బావ అలిసిపోతే నన్ను పిలిచేవాడు. నేను మీటల పెట్టె అందుకుని "ఛార్జి తీసుకున్నాను" అనాలి. అనకపోతే వదిలేవాడు కాదు. బాత్రూం అవసరమొచ్చినా సరే, ఆ మాట అయ్యాకే.

అలా పంతొమ్మిది రోజులు నడిచింది. నేను నిలబెట్టి ఉంచడమే తప్ప ముందుకి పెద్దగా ఆడేవాణ్ణి కాదు. దారంతా బావదే. ఎడమ బొటనవేలు లేవకపోతే చూపుడువేలితో నొక్కేవాడు, అదీ లేవకపోతే పెట్టెని గడ్డానికి ఆనించి నొక్కేవాడు. దసరా ముందు రోజు సాయంత్రానికి ఆ మనిషి ఓడ తలుపు కనిపించే దూరానికి వచ్చాడు. ఇంకొక్క హాలు దాటాలి. బావ వేళ్ళు మీటల మీంచి జారిపోతున్నాయి. "రేపు పొద్దున్న ఫ్రెష్‌గా ఆడదాం. ఆడిని ఆ స్తంభం సాటున నిలబెట్టు" అన్నాడు.

తెల్లారి విజయదశమి. ఫ్యాక్టరీలో ఆ రోజు యంత్రాలన్నీ కడిగి, పసుపూ కుంకుమా పెట్టి ఆయుధ పూజ చేస్తారు. బావ ఏటా తన పాన్‌కి స్వయంగా బొట్టు పెట్టి, చూడ్డానికి అక్కని తీసుకెళ్ళేవాడు. ఆ యేడు వెళ్ళే యోగం లేదు. నేను బావని పెరట్లో పీట మీద కూర్చోబెట్టి తలంటుతున్నాను. తువ్వాలు చుట్టి, ఎత్తుకుని లోపలికి తెచ్చేసరికి అక్క తడి జడతో హారతి పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. డబ్బా శుభ్రంగా తుడిచి, గంధం రాసి, నడి మధ్య కుంకుమ బొట్టు పెట్టి, మీద చామంతి పువ్వు పెట్టింది. మీటల పెట్టెకీ పెట్టింది. ఎర్ర బల్బు వెలగడం లేదు. ఇన్వర్టరు కూడా కట్టేసింది, పండగనాడు పనిముట్టుకి సెలవివ్వాలి కదా. "ఈ యేడు మీ సెయ్యి దీని మీదే గదా ఉంది. అందుకే దీనికి సేసేను" అంది. దాని మొహం వెలిగిపోతోంది. పెళ్ళయిన కొత్తలో కూడా నేను దాన్నంత సంతోషంగా చూడలేదు.

బావ నా చేతుల్లోనే ఉన్నాడు. ఆయన ఒళ్ళు ఒక్కసారి బరువెక్కినట్టు నాకు తెలిసింది. నేను నోరు తెరవబోయాను. ఆయన వేళ్ళు, ఆ పనికిరాని వేళ్ళే, నా మెడ మీద గట్టిగా నొక్కాయి. "బాగుందే" అన్నాడు. "మంచి పని సేసేవు."

"ఆపేసేను, మీ ఆటకేటీ అవదు గదా?" అని అప్పుడు అడిగింది అక్క.

"ఇంకేటవుద్ది? నిన్ననే గెలిచేసేను గదా. నువ్వు అప్పుడు పిండి రుబ్బుతన్నావు."

"మరి ఆడి మొకం?"

"సూసేను. పెద్ద అందగాడేం కాదు, మనలాటోడే. కళ్ళు మంచివి" అన్నాడు బావ. అక్క హారతి కళ్ళకద్దుకుని, ఆయన కళ్ళకీ అద్దింది.

మర్నాడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాం, అక్కకి తెలియకుండా. మొదటి వంతెన దాటలేకపోయాడు. దీపావళికి పెట్టె పట్టుకోలేకపోయాడు. "నువ్వాడరా, నేను సూస్తాను" అన్నాడు. నాకు చేతకాలేదు. నాలాంటి చేతకానివాడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే లేడు. రోజూ అదే వంతెన మీద ఆ మనిషిని చంపేసేవాణ్ణి. కొన్నాళ్ళకి బావకి మాట పోయింది, ఉగాది రాకముందే ఊపిరి పోయింది. డబ్బా అక్క బీరువాలో ఉంది, బొట్టు మరక ఇంకా ఉంది. ఎవరొచ్చినా చూపించి, "ఈ ఆట గెలిచే పోయేరు మా ఆయన" అని చెప్పుకుంటుంది. ఇన్నేళ్ళలో దానికి చెప్పుకోవడానికి మిగిలింది ఆ ఒక్క గెలుపే. నేను పక్కనుంటే తల ఊపుతాను.

మా అమ్మాయికి నేను చెప్పింది, బావ గెలిచాడన్న దాకానే. అది మంచిపిల్ల. మూడు రోజులు కూర్చుని ఆట పూర్తి చేసింది. ఇప్పుడు కార్డు అక్కర్లేదట, అడుగడుగుకీ దానంతటదే దాచుకుంటుందట. చివరి ఘట్టం అత్తకి చూపిస్తానని నాకు చెప్పకుండా చోడవరం వీడియో ఫోన్ చేసి, ఫోన్ని తెర వైపు తిప్పింది. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, "రా నాన్నా, అత్త చూస్తోంది" అని పిలిచింది. వెళ్ళి వెనక నిలబడ్డాను. నేనూ చూడడం అదే మొదలు. ఓడ తలుపు తెరుచుకుంది. ఆ మనిషి తుపాకీ కింద పెట్టాడు. టోపీ తీశాడు. మన వైపు తిరగలేదు. అలాగే వీపు పెట్టి, ఓడలోని చీకట్లోకి నడిచి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకుంది. చేసినవాళ్ళ పేర్లు పడడం మొదలైంది.

ఫోన్లోంచి అక్క గొంతు వినబడింది. "మొకం సూపించనేదు గదే?"

"చూపించరత్తా. అదే దీని గొప్ప, చివరిదాకా చూపించరు" అంది మా అమ్మాయి ఉత్సాహంగా.

"సూసేనన్నారే మీ మావయ్య" అంది అక్క. దసరా పొద్దున్న దాకా వెనక్కి నడిచి వెళ్ళడానికి దానికి ఎంతో సేపు పట్టలేదు. "ఒరే, ఉన్నావా అక్కడ?" అంది. "ఉన్నానక్కా" అన్నాను. "పండగనాడు నేను ఆపేసేను గదరా" అంది. అడిగినట్టు అనలేదు. పాకం మధ్యలో వదిలేసి వచ్చినవాడిలా నిలబడిపోయాను. అక్క ఏడవలేదు, ఫోన్ పెట్టేసింది. ఆ తరవాత రోజూ చేస్తున్నాను, ఎత్తుతోంది, పొడి పొడిగా మాట్లాడుతోంది. బావ మాట ఎత్తదు. నిన్న ఎవరో చుట్టాలొస్తే బీరువా తెరవలేదట.

ఇన్నేళ్ళూ గడిచిపోయాయి కదా, ఇంక ఆ పొద్దున్న మమ్మల్నేమీ చెయ్యదని అనుకున్నాను. కాలం దాన్ని ఎక్కడికీ తీసుకుపోలేదు, అక్క చూసే దాకా గోడ చాటున ఊపిరి తీస్తూ నిలబెట్టి ఉంచింది.