మండలిలో చేరిన క్రైస్తవుడు

పరాయి రాష్ట్రంలో తెలుగువాళ్లు వలసొచ్చి ఉండే కతర్‌గామ్‌లో ఉమాకాంత్ రోజూ కాలేజీ నుంచి వస్తూ సందు మలుపులో ఆగి, విద్యార్థుల సోదర మండలి వాళ్లు పెట్టిన బొట్టును రుమాలుతో శ్రద్ధగా తుడుచుకునేవాడు. క్రైస్తవుడు మండలిలో చేరవచ్చునా అన్న మహాసమస్య మీద చర్చి పెద్ద ముత్యం, మండలి నాయకుడు పరమేశ్ అతని ఆత్మ కోసం ఏడాదిగా పోట్లాడుకుంటున్నారు. ఇంతలో కరోనా సెకండ్ వేవ్ వచ్చి ఉమాకాంత్ తల్లిని తీసుకుపోయింది. శవపెట్టె మోయడానికి మనుషులు కావాలని అతను ఇద్దరికీ ఫోన్ చేశాడు.

"మీ చర్చోళ్లున్నరు గద భాయ్, నడుమల మేమెందుకు?" అన్నాడు పరమేశ్. "మండలే కావాలంటివి గద బిడ్డా, ఆళ్లనే పిలుసుకో," అన్నాడు ముత్యం. ఏడాదిలో వాళ్లిద్దరి మాట కలవడం అదే మొదలు. శవాల బండి డ్రైవరు దిగి అటూ ఇటూ చూసి, "తుమ్హారే లోగ్ కహాఁ?" అని, నీ మనుషులేరని అడిగాడు. ఉమాకాంత్ వంగి పెట్టెకు ఒక కొస పట్టుకుని, రెండో కొస అతనికి చూపిస్తూ, "ఉఠావో భయ్యా," అన్నాడు.