డ్రమ్ములో కలిపిన నీళ్లు

సంజీవమ్మ అవ్వకు నోరు పెద్దది, చెవి చిన్నది. ప్రొద్దుటూరులో ఆ సందంతా ఒప్పుకునే మాట ఇది. ఎదుటివాళ్లు చెప్పేది సగం వినేలోపే మిగతా సగం తానే చెప్పేస్తుంది. ఈ అలవాటు వల్ల ఆమెకు బతుకులో పెద్ద నష్టమేమీ జరగలేదు, మొగుడు రంగయ్య తాతకు మాట పడిపోయేదాకా.

రంగయ్య గొర్రెల కాపరి. కొండాపురం పక్కన వాళ్ల పల్లె గండికోట ప్రాజెక్టు నీళ్లలో మునిగినప్పుడు ఇల్లూ, మేత బీళ్లూ, ఊరి బాయీ అన్నీ ఒకేసారి పోయాయి. మందను అమ్మేసి పెళ్లాంతో ప్రొద్దుటూరు చేరి, ప్రభాకరరావు బట్టల అంగట్లో వాచ్‌మన్‌గా కుదిరాడు. చేతిలో కట్టె ఉండేసరికి కొత్తలో చెయ్యి ఊరుకోక, గుంపుగా వచ్చిన ఆడవాళ్లను "హేయ్, హేయ్" అని అదిలించి లోపలికి తోలాడనీ, చీవాట్లు తిన్నాడనీ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

ఆ అంగడి గుమ్మంలో ఒక అద్దాల తొట్టి, అందులో బంగారు రంగు చేపలు ఉండేవి. వాస్తు చూసేవాడెవడో ఆ మూల నీళ్లు ఉండకూడదన్నాడు. తొట్టి తీసి పారేయమని ప్రభాకరరావు అంటే రంగయ్య అడ్డం పడ్డాడు. "నేను తోలుకపోతా సామీ" అన్నాడు. చేపలను తోలుకపోతానన్న మనిషి ఈ భూమ్మీద ఆయన ఒక్కడే అయ్యుంటాడు.

తొట్టి ఆటోలో ఇంటికొచ్చిన రోజు సంజీవమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని వాకిట్లో నిలబడింది.

"గొర్రెలమ్మినోడు కోళ్లన్నా కొంటాడు. ఇవేందప్పా? పాలియ్యవు, బొచ్చియ్యవు. కూరొండుకుందామంటే పిడికెడు లేవు."

"ఊరికే ఉండుమ్మే. మంద మందే. యాడుంటే ఏంది?"

ఆయనకు నిజంగానే అవి మంద. అన్నిటికన్నా పెద్దది పొట్టేలు. మొహం మీద తెల్ల మచ్చ ఉన్నది బొల్లి. మిగతావి పిల్లలు. పొద్దున లేచి వాటిని పలకరించాకే పెళ్లాన్ని పలకరించేవాడు. దాని మీద ఇంట్లో జరగాల్సిన గొడవ రోజూ జరిగేది.

ఇక నీళ్ల సంగతి. ఆ వీధి కొళాయిలో వచ్చేవి బోరు నీళ్లు. నోట్లో పోసుకుంటే ఉప్పన, బిందెలో పెడితే అడుగున తెల్లని పొర. ట్యాంకులో బ్లీచింగ్ పొడి కలిపిన రోజు ముక్కు మూసుకోవాలి. తాగడానికి మాత్రం ఫిల్టరు ప్లాంటు నుంచి క్యాన్లు తెచ్చుకుంటారు. అందుకని ఆ వీధిలో నీళ్లకు రెండే పేర్లు. కొళాయివి ఉప్పునీళ్లు, క్యానువి మంచినీళ్లు.

రంగయ్య వసారాలో ఒక నీలం డ్రమ్ము పెట్టాడు. రెండు బిందెల ఉప్పునీళ్లకు ఒక బిందె మంచినీళ్లు పోసి, కట్టెతో కలిపి, మూతికి పాత పంచె గుడ్డ కట్టి రాత్రంతా ఉంచేవాడు. తెల్లారేసరికి పొడి వాసన పోయేది. అప్పుడు పుడిసిలితో తీసుకుని నాలుక మీద వేసుకునేవాడు. మంద మడుగులో దిగకముందు కాపరి ఆ నీళ్లు రుచి చూడాలి. వాళ్ల తాతల నాటి పద్ధతి అది. ఉప్పెక్కువయితే చెంబెడు మంచినీళ్లు పోస్తాడు, సప్పగుంటే చెంబెడు ఉప్పునీళ్లు. రెంటిలో ఏది మించినా మంద తట్టుకోదని ఆయన లెక్క. తలాడించాక తొట్టిలోంచి కొన్ని పాత నీళ్లు తీసి, తీసినన్ని కొత్తవి మెల్లగా పోస్తాడు.

"రుచి దేనికి చూస్తావప్పా? చేపలేమన్నా వంకలు పెడతాయా?"

"మన బాయి నీళ్లు గుర్తుండాయా నీకు? ఈ పొద్దు బాగా కుదిరినాయి. అచ్చం అవే. కొంచెం పోసుకో నోట్లో."

"నాకేం కర్మ, చేపల నీళ్లు తాగను?"

ఆమె ఏనాడూ పోసుకోలేదు.

ఒక పొద్దున రంగయ్య అంగడి మెట్ల మీద కూలబడ్డాడు. కుడి చెయ్యీ, కుడి కాలూ, మాటా పోయాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు ఉప్పు బాగా తగ్గించమన్నాడు. సంజీవమ్మ ఇంటికి రాగానే చేసిన మొదటి పని ఉప్పు డబ్బాను అటక మీదికి ఎక్కించడం. రెండోది, మంచాన్ని తొట్టికి ఎదురుగా లాగడం.

మిగతా ఒళ్లంతా కట్టెలా పడున్నా ఆయన కళ్లు మాత్రం రోజంతా పొట్టేలు వెంట తిరిగేవి. అది ఈ మూలకు పోతే ఈ మూలకు, ఆ మూలకు పోతే ఆ మూలకు. అది చూసి సంజీవమ్మకు ఒక నమ్మకం కుదిరింది. ఆ మంద తిరిగినన్నాళ్లు ఈ మనిషి ఎక్కడికీ పోడు. ఎవరితోనూ అనలేదు గానీ, ఆమె అన్నం తినేదీ, కాస్త కునుకు తీసేదీ ఆ నమ్మకం మీదే.

అందుకే నీళ్ల పని తాను అందుకుంది. అందుకోగానే, మొగుడు ఇన్నాళ్లూ చేసిన పని ఆమెకు పిసినారితనంగా కనిపించింది.

"ఇంటికొచ్చినోళ్లకు ఉప్పునీళ్లిస్తామా? మనం మంచినీళ్లు తాగుతా, నోరులేని జీవాలకు వాడుకనీళ్లు పోస్తామా?" అని పక్కింటి కౌసర్‌తో అంది. డ్రమ్ము బోర్లించింది. తొట్టి మొత్తం తోడేసింది. క్యాను మీద క్యాను, అన్నీ మంచినీళ్లే పోసింది.

"కొత్త టీవీ మాదిరి మెరుస్తాంది కదవ్వా తొట్టి" అంది కౌసర్.

"మెరవదా మరి. మంచినీళ్లు అవి."

మంచం మీద రంగయ్య ఎడమ చెయ్యి కదిలింది. పెదవులు వంకర పోయాయి. "ఉప్... ఉప్..." అన్నాడు.

మాట పడిపోయాక ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. సంజీవమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ వెంటనే కసిరింది.

"నోరు తిరగకపోయినా నాలుకకు రుచి మాత్రం కావాల. ఉప్పు లేదు ఏం లేదు. డాక్టరు చెప్పింది విన్లేదా?"

మూడు పూటలకే బొల్లి పక్కకు ఒరిగి తేలింది. ఆయన చూడకుండా కొంగులో చుట్టి తీసుకెళ్లి కరివేపాకు చెట్టు కింద పూడ్చింది. నీళ్లు సరిపోలేదేమో అనుకుని, మళ్లీ తొట్టి తోడి మంచినీళ్లు నింపింది. పిల్లలు ఒకటొకటే నీళ్ల పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పొట్టేలు అడుగున పొట్ట ఆనించి కూర్చుంది. జబ్బు పడ్డాయి కాబట్టి ఇంకా మంచినీళ్లు కావాలి అనుకుంది. మంచి చేయడంలో ఆమెకు పొదుపు తెలియదు.

వేంపల్లె నుంచి కూతురు భువనేశ్వరి చూడటానికొచ్చింది.

"నాయిన ఏదో చెప్తాండాడమ్మా."

"ఉప్పడుగుతాండాడు. ముందునుంచీ అంతే, సంకటిలో రవ్వంత తగ్గితే చెంబు విసిరేటోడు."

"అన్నం కోసం మనిషి ఏడుస్తాడామ్మా? కళ్లెమ్మట నీళ్లు కారుతాండాయి చూడు."

ఆ కన్నీళ్లకు సంజీవమ్మ ఓడిపోయింది. కూతురు వెళ్లాక స్టూలెక్కి ఉప్పు డబ్బా దించింది. దేవుడి పటం వైపు చూడకుండా జావలో చిటికెడు వేసి, చెంచాతో నోట్లో పెట్టింది. రంగయ్య ఆ ఒక్క చెంచా మింగి మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"ఉప్పేసినా అలకేనా? ఏం మొగోడివప్పా."

ఆ వారంలోనే ప్లాంటులో మిషను చెడి క్యాన్లు రాలేదు. పొట్టేలు ఒకటి, చిటికెన వేలంత పిల్ల ఒకటి, ఆ రెండే మిగిలాయి. డ్రమ్ము కడిగి పెట్టుకుందామని సంజీవమ్మ కొళాయి పైపు అందులో వేసి తిప్పింది. బోరు నీళ్లు ఖాళీ డ్రమ్ములో దబదబా పడ్డాయి.

ఆ చప్పుడుకు రంగయ్య తల తిప్పాడు. ఎడమ చెయ్యి ఎత్తి డ్రమ్మును చూపించాడు. "ఉప్పు" అన్నాడు. చెయ్యి తొట్టి వైపు తిప్పాడు. "ఉప్పు. నీ... నీ..." అని ఆగిపోయాడు. మళ్లీ డ్రమ్మును చూపించాడు.

జీవితంలో మొదటిసారి సంజీవమ్మ అవతలి మనిషి పూర్తి చేసేదాకా ఆగింది. ఆమె చేతిలో బిందె ఉంది. జారి పడలేదు, ఆమె చేతుల్లోంచి బిందెలు జారవు. మెల్లగా కింద పెట్టి మంచం దగ్గర కూర్చుంది.

"ఉప్పునీళ్లా అప్పా? నువ్వు ఇన్నాళ్లూ అడిగింది ఆ నీళ్లా?"

ఆయన కళ్లు మూసి తెరిచాడు.

"ముందే చెప్పొచ్చు గదా" అంది అలవాటుగా. తన మాట తన చెవిన పడ్డాక కొంగు నోట్లో కుక్కుకుంది.

కౌసర్ వాళ్ల ఇంట్లో ఉన్న క్యాను అడిగి తెచ్చుకుంది. రెండు బిందెలకు ఒక బిందె లెక్కన కలిపి పంచె గుడ్డ కట్టింది. తెల్లారి పుడిసిలితో తీసుకెళ్లి మొగుడి పెదాలకు ఆనించింది. ఆయన తల అడ్డంగా కదిలింది. చెంబెడు ఉప్పునీళ్లు పోసి మళ్లీ తెచ్చింది. ఈసారి తలాడించాడు. లోటాతో పూటకు కొంచెం కొంచెం తొట్టిలో పోస్తూ కూర్చుంది.

పొట్టేలుకు ఆలస్యమైపోయింది. దాన్ని కొంగులో దాచలేదు. ఆయనకు చూపించే తీసుకెళ్లింది. చిటికెన వేలంత పిల్ల మాత్రం నిలబడింది.

ఆ తర్వాత రంగయ్య ఆ ఒక్క పిల్లను చూస్తూ ఎండాకాలం దాటించాడు. ప్రతి తడవా డ్రమ్ము నీళ్లు ముందు ఆయన నాలుక మీదికి వచ్చేవి. అదొక్కటే ఆయన చేయగలిగిన పని. ఆ పని ఉన్న రోజు జావ కూడా ఇంకో చెంచా తాగేవాడు.

వానలు మొదలయ్యాక ఊపిరి ఎగబోసింది. కబురందుకుని భువనేశ్వరి వచ్చింది. ఇక లాభం లేదని అందరికీ తెలిసిపోయాక క్యానులోంచి గ్లాసుతో నీళ్లు వంచి తెచ్చింది.

"అమ్మా, నాయిన నోట్లో మంచినీళ్లు పొయ్యి."

"అవి కాదు" అని సంజీవమ్మ లేచి వసారాలోకి పోయింది. డ్రమ్ము మీది గుడ్డ తీసింది. పుడిసిలి ముంచింది. ఇక రుచి చూసి చెప్పేవాడు లేడు గనక, మంద దిగకముందు ఎవరో ఒకరు చూడాలి గనక, తన నోట్లో పోసుకుంది.

పోసుకుని అక్కడే నిలబడిపోయింది. చేద, గిలక, ఎండకు కాలే బాయి గట్టు, కొత్తపెళ్లికూతురుగా ఆ ఊళ్లో దిగిన రోజు తాగిన మొదటి గుక్క. ఆయన ఇన్నేళ్లు తాగి చూడమన్నది దీన్నే.

"అమ్మా, తొందరగా రా" అని లోపలి నుంచి కూతురు పిలిచింది.

మళ్లీ ముంచుకుని వేళ్ల సందులోంచి కారిపోకుండా నడిచి వచ్చింది. పెదాలకు ఆనించింది. కొంచెం లోపలికి పోయింది, కొంచెం మెడ మీదికి కారింది.

రంగయ్య తలాడించాడని సంజీవమ్మ చెబుతుంది. మెడ అప్పుడే అలా వాలిందని అక్కడున్న మిగతావాళ్లు అనుకుంటారు గానీ, ఆమె ముందు ఎవరూ అనరు. అన్నా ఆమె సగమే వింటుంది.