రెండు కొమ్మల మీది మనిషి

ఆఫీసు కంప్యూటర్ గదిలో ఆవిడని చాటుగా అనుమానాలక్క అనేవారు. తాళం వేశాక నాలుగుసార్లు లాగి చూస్తే గానీ గుమ్మం దిగదు. "నేను నీ మొగుణ్ణో కాదో కూడా ఓసారి సరిచూసుకో" అని భర్త ఏడిపించేవాడు.

ఉద్యోగుల వివరాలు దాచే కొత్త కంప్యూటర్ వ్యవస్థ తెచ్చిన కుర్ర మేనేజరు తెర మీద బొమ్మ చూపించగానే ఆవిడ మొహం ముడుచుకుంది. ప్రతి విభాగం ఒక కొమ్మ, దానికి ఆకుల్లా ఉద్యోగులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడ ప్రాణం తోడేసింది ఈ చెట్టే. తరవాత పట్టికలొచ్చాయి. మనిషి వివరాలు ఒక్కచోటే రాసేవారు, కావలసినవాళ్ళంతా అక్కడే చూసుకునేవారు. ఇప్పుడు మళ్ళీ అదే చెట్టు, పేరు మాత్రం కొత్తది.

"నేను నీళ్ళ విభాగానికీ పనిచేస్తాను, రోడ్ల విభాగానికీ పనిచేస్తాను. నన్నెక్కడ పెడతావు బాబూ?"

"రెండు చోట్లా రాసేస్తాం మేడమ్. వెతుక్కోవడం భలే తేలిక."

"ఏదైనా మారితే?"

"రెండు చోట్లా మారుస్తాం."

"ఎవరు?"

అతను నవ్వేసి టీ తెప్పించాడు. ఆ టీ కూడా ఆవిడ వాసన చూసే తాగింది.

ఏడాది తిరిగేసరికి రిటైరయింది. పొగడ్తలూ ఫోటోలూ అయ్యాక, "వీళ్ళు నన్నింత తేలిగ్గా వదలరు" అని గొణుక్కుంటూ ఇల్లు చేరింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. రోడ్ల విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి గద్దించింది.

"మా జాబితాలో మీ పేరుంది, డ్యూటీకి రాలేదేం? సంజాయిషీ ఇవ్వాలి."

"నీళ్ళ విభాగం ఆవిడ నిన్నే రిటైరైపోయిందమ్మా. మీ రోడ్ల విభాగం ఆవిడ మీద నాకూ ముందునుంచీ అనుమానమే!"